నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా

అన్నంలో రాయి పంటి కింద కరకరమనగానే దశరథం నమలడం ఆపేశాడు. రాయిని నాలుక మీదికి తెచ్చి, వేలితో తీసి, పళ్లెం అంచున పెట్టి దాని వైపు చూస్తూ కూర్చున్నాడు. అనాల్సింది ఆయన తల్లి నర్సింగమ్మ అన్నది. కండ్లకు పొరలొచ్చిన తాను చేత్తో తడిమి ఏరినా కొడుకు పంటి కింద ఏనాడూ రాయి పడలేదని, చదువుకున్న కోడలికి రెండు కండ్లూ మంచిగుండి ఏం లాభమని.

యాదలక్ష్మి తల వంచుకుంది. రాయి ఎట్లా వచ్చిందో ఆమెకు తెలుసు. పొద్దున చాటలో బియ్యం పోసుకుని కూర్చుని ఏరింది సగంసేపే. మిగతా సగంసేపు చూపుడు వేలితో బియ్యంలో గీతలు గీసింది. నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని, మొత్తం పద్నాలుగు గీతలు. అదొక జపాను అక్షరం. రాయడం, చాటను కదిపి చెరపడం, మళ్లీ రాయడం. అక్షరం కుదిరిందన్న సంతోషంలో పొయ్యి మీద ఎసరు గుర్తొచ్చి, బియ్యం అట్లాగే కడిగి వేసేసింది. మొగుడి పళ్లెం అంచున ఉన్న ఆ తెల్లటి రాయిని చూస్తే, తాను ఇంట్లోనే ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు అనిపించింది.

ఆమెకప్పుడు ముప్పై రెండేళ్లు. నల్గొండలో బీఎస్సీ చదివింది. పెళ్లయ్యాక చౌటుప్పల్‌లో కాపురం. రోడ్డు పక్కన ఒకటొకటిగా మందుల ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. అందులో ఒకదాంట్లో రికార్డుల సెక్షన్‌లో కుదిరింది. దశరథం నల్గొండలో సర్కారు ఆఫీసులో క్లర్కు. రోజూ బస్సులో పోయి, ఏడింటికి ఇల్లు చేరేవాడు. ఒక్కతే బిడ్డ స్వరూప, నాలుగో తరగతి చదువుతోంది.

తొంభై మూడులో ఆ ఫ్యాక్టరీ జపాను కంపెనీ ఒకదానికి పొడిమందు పంపడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి వచ్చే కాగితాలను ఇంగ్లీషులోకి మార్చడానికి హైదరాబాద్ నుంచి తాహేరా మేడం మంగళవారం, శుక్రవారం వచ్చేది. యాభై దాటిన మనిషి. భర్త ఉద్యోగం కోసం ఆరేళ్లు జపానులో ఉండి భాష నేర్చుకుంది. ఆమె చెప్తుంటే టైపు చేయడం యాదలక్ష్మి పని. ఒకరోజు టైపు చేస్తూ చేస్తూ, నిన్నటి కాగితంలోనూ ఇదే అక్షరం ఉంది, దీనికి తడి అని అర్థం కదా మేడం అని అడిగింది. తాహేరా కళ్లద్దాలు తీసి ఆమెను పరీక్షగా చూసింది. ఆ శుక్రవారమే సంచిలో ఒక పాత పుస్తకం తెచ్చింది.

ఏడాది తిరిగేసరికి యాదలక్ష్మికి నాలుగు వందల అక్షరాలు వచ్చాయి. ఆ అక్షరాలను కంజి అంటారని తెలిసి, గేటు దగ్గర పనిచేసే యాదగిరి “అమ్మ గంజి చదువు చదువుతాంది” అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వు రానిది మేనేజరు మాటకే. జపాను వాళ్లు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చిన రోజున మంచి చీర కట్టుకుని రమ్మని, చాయ్ ఆమెనే అందించమని చెప్పాడు. కప్పులు పెడుతూ పెడుతూ, బల్ల మీద పరిచిన కాగితంలో తడి శాతం ఒకటుంటే ఇంగ్లీషు ప్రతిలో ఇంకొకటి ఉండడం ఆమె కంట పడింది. మేనేజరు చెవిలో మెల్లగా చెప్పింది. ఆయన అదే సంగతిని తానే కనిపెట్టినట్టు వాళ్లకు చెప్పి చేతులు కలిపాడు. సాయంత్రం ఆమెను పిలిచి, ఇంట్లో చిన్నపిల్ల ఉండగా ఇవన్నీ నీకెందుకమ్మా అన్నాడు.

తాహేరా ఇది విని నవ్వలేదు, ఓదార్చనూ లేదు. “కాగితం చేతుల లేకుంటే నువ్వు ఎంత చదివినా చాయ్ అందిచ్చే దానివే లక్ష్మీ. డిసెంబర్‌ల ఢిల్లీల పరీక్ష ఉంటది. రెండో స్థాయికి కూసో. అది పాసైతే నా కుర్చీ నీదే. నాకు ఇంకెన్నేండ్లు గీ బస్సులెక్కుడు?”

రెండో స్థాయి అంటే వెయ్యి అక్షరాలు. ఒక్కోదానికి రెండేసి, మూడేసి ఉచ్చారణలు. ఇంట్లో ఎక్కడ చదవాలి? నాలుగున్నరకు ఫ్యాక్టరీ వదిలితే, నడిచి అయిదు లోపల ఇంటికి చేరేది. అప్పటి నుంచి పడుకునే దాకా చీపురు, బోళ్లు, పొయ్యి, అత్త కండ్లలో చుక్కల మందు, బిడ్డ ఎక్కాలు. అందుకని ఒక అబద్ధం ఆడింది. అంత సులువుగా ఆడగలనని తనకే తెలియదు. దశరథానికి తొక్కు వడ్డిస్తూ, ఇక నుంచి డ్యూటీ ఐదున్నర దాకా పెంచారని అంది. ఆయన సరే అని ఇంకాస్త అన్నం కలుపుకున్నాడు. జీతం పెరిగిందా అని కూడా అడగలేదు.

అప్పటి నుంచి నాలుగున్నరకు అందరూ వెళ్లిపోయాక రికార్డుల గదిలో ఒక్కతే కూర్చునేది. పనికిరాని కాగితాల వెనక వైపు అక్షరాలు రాసేది. ఆ గంటలో ఆమెను ఎవరూ పిలవరు. మొదటి వారం ఆ సంగతికే కండ్లలో నీళ్లు తిరిగాయి. ఐదున్నరకు లేచి ఇంటి దారి పట్టగానే ఆ సుఖమంతా చేదయ్యేది. సందు మలుపులో కొంగు సవరించుకుని, పని చేసి అలిసిపోయిన ముఖం తెచ్చిపెట్టుకునేది. నిజంగా అలిసిపోయినా సరే, అది నటనలాగే ఉండేది. గడపలో స్వరూప ఎదురొస్తే ఆ పిల్ల కళ్లలోకి నేరుగా చూడలేకపోయేది. మంచి తల్లి ఈ గంటను బిడ్డకు ఇచ్చేది. మంచి కోడలు అత్తకు ఇచ్చేది. నేను దేనికి ఇస్తున్నాను, ఏ దేశం వాళ్లవో గీతలకు, అని తిట్టుకుంటూనే మర్నాడు నాలుగున్నర కోసం పొద్దుటి నుంచీ చూసేది.

సెప్టెంబరులో ఒక బుధవారం రికార్డుల గదిలో ఆమె రుసు అనే మాట నేర్చుకుంటోంది. రెండు అక్షరాలు. మొదటిది ఉండిపోవడం, రెండోది కాపలా కాయడం. రెండూ కలిస్తే మాత్రం మనిషి ఇంట్లో లేకపోవడం అని అర్థం. ఇదెట్లా కుదురుతుందని ఆలోచిస్తుండగా యాదగిరి తలుపు తోసుకుని వచ్చాడు. మీ పక్కింటాయన గేటు కాడికొచ్చిండు, బిడ్డ చెయ్యి కాలిందట అన్నాడు.

వేడి నీళ్లు కుడిచేతి మీద, మోచేతి దాకా పడ్డాయి. దవాఖానలో కట్టు కడుతున్నప్పుడు స్వరూప ఏడవడం మాని అమ్మ ముఖంలోకే చూస్తూ ఉంది. అప్పటికే దశరథం అక్కడ ఉన్నాడు. ఇంత తొందరగా నల్గొండ నుంచి ఎట్లా వచ్చాడన్న ఆలోచన ఆమెకు రానే లేదు. గోడకు ఆనుకుని నిలబడిన నర్సింగమ్మ, పిల్ల నాకు చాయ్ పెడ్తనని పొయ్యి కాడికి పోయిందని, గుడ్డి ముండను నాకేం కనపడ్తదని, తల్లి ఇంట్లో ఉంటే ఇట్లయితుండెనా అని అందరికీ వినబడేటట్టు చెప్తోంది.

దశరథం ఒక్క మాటే అడిగాడు. “గేటు కాడ పక్కింటాయనకు యాదగిరి చెప్పిండట. డ్యూటీ నాలుగున్నరకే అయిపోతదంట గద. గా గంటసేపు ఏం చేస్తున్నవు?”

చదువుకుంటున్న అంది. ఆ మాట దవాఖాన వాసనలో ఎంత సిగ్గుమాలినదిగా వినబడిందో ఆమె ఎన్నటికీ మరిచిపోలేదు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. కాలిన చేతినీ, ఆమెనూ మార్చి మార్చి చూసి బయటికి వెళ్లిపోయాడు. అంతకంటే ఏం చేసినా తేలిగ్గా ఉండేది.

మర్నాటి నుంచి నాలుగున్నర కాగానే అందరికంటే ముందు గేటు దాటింది. తాహేరా పుస్తకాలు తాహేరాకు తిరిగిచ్చేసింది. రోజూ పిల్ల కట్టు మార్చేటప్పుడు, పొంగిన బొబ్బల మీద మందు రాసేటప్పుడు, ఒక్కో బొబ్బా నేర్చిన ఒక్కో అక్షరంలా కనబడేది. ఆ పిల్ల ఎడమ చేత్తో వంకరగా లెక్కలు రాసుకుంటుంటే పక్కన కూర్చోలేక వంటింట్లోకి పోయేది. నర్సింగమ్మ వచ్చిన వాళ్లందరికీ కథ చెప్పేది, కోడలు జపానుకు పోతదంట అని. యాదలక్ష్మి ఎదురు చెప్పలేదు. ఆ మాటలు తనకు రావాల్సినవే అనుకుంది. వాటిని వింటుంటే కొంచెం శాంతిగా కూడా ఉండేది.

నవంబరులో, అంతకు ముందే ఫీజు కట్టిన పరీక్షకు ఢిల్లీ నుంచి హాల్ టికెట్టు వచ్చింది. దాన్ని చింపబోయి, చింపలేక చీరల అడుగున పెట్టింది. అందుకు కూడా తప్పు చేసినట్టే అనిపించింది.

తర్వాతి ఆదివారం పిల్లకు తలంటి, చేతి మచ్చకు కొబ్బరినూనె రాస్తోంది. మచ్చ గులాబీరంగులోకి తిరిగి మెరుస్తోంది. ఇంకోసారి పొయ్యి దగ్గరికి పోకు బిడ్డా, అవ్వకు చాయ్ నేనొచ్చి పెడతాను అంది. స్వరూప మచ్చ మీది నూనెను వేలితో రుద్దింది. తర్వాత మామూలుగా అంది.

“అవ్వకు కాదమ్మా. బాపుకు.”

యాదలక్ష్మి గుచ్చి గుచ్చి అడిగితే పిల్ల అంతా చెప్పింది.

ఆ బుధవారం ఆఫీసుకు మధ్యాహ్నం నుంచి సెలవిచ్చారు. మూడున్నరకే దశరథం ఇంటికొచ్చాడు, వెంట తోటి క్లర్కు కృష్ణయ్య. రోడ్డు పక్కన ప్లాట్ల సంగతి మాట్లాడుకుంటూ మంచం మీద కూర్చున్నారు. స్వరూప స్కూలు నుంచి రాగానే రెండు చాయ్‌లు పెట్టమన్నారు. పెట్టి ఇస్తే కృష్ణయ్య మామ మంచిగుందన్నాడు, ఇంకోసారి పెట్టమని బాపు చెప్పాడు. రెండోసారి గిన్నె దించుతుంటే జారింది. అమ్మకు చెప్పొద్దని, చెప్తే ఇంట్లో లొల్లి అయితదని అవ్వ ఒట్టేయించుకుంది.

“నాకు పెట్టొస్తదమ్మా,” అంది స్వరూప, తల్లి ముఖం చూసి భయపడి. “నువ్వు ఐదున్నర దాంక ఫ్యాక్టరీల ఉంటున్నప్పుడు రోజు నేనే పెడ్తుంటి అవ్వకు. బోళ్లు గూడ తోముతుంటి. గా ఒక్కసారే జారింది.”

యాదలక్ష్మి ఆ మచ్చను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. తనను ఇన్నాళ్లూ తిన్న తప్పు వేరు, అసలు తప్పు వేరు అని తెలిసింది. తాను ఆ గంటను మొగుడి దగ్గర నుంచి దొంగిలించాననుకుంది, అత్త దగ్గర నుంచి దొంగిలించాననుకుంది. వాళ్ల గంట ఎక్కడికీ పోలేదు. వాళ్ల చాయ్ వాళ్లకు అందుతూనే ఉంది. తాను వదిలిన పనంతా చప్పుడు చేయకుండా జారి జారి, ఇంట్లో అందరికంటే చిన్న చేతుల్లోకి వచ్చింది. అది మాత్రం తన తప్పే. ఇంట్లో తాను లేని పని ఎవరి మీద పడుతుందో ఒక్కరోజైనా అడగకపోవడం తన తప్పే. “నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా,” అంది. పిల్లకు ఏం అర్థమైందో, నూనె చేత్తోనే అమ్మ మెడ పట్టుకుంది.

దశరథం బయట పేపరు చదువుతున్నాడు. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడింది.

“ఆనాడు మీరు ఇంట్లనే ఉన్నరంట.”

ఆయన పేపరు దించలేదు. దాని వెనక నుంచే అన్నాడు. “చెప్తే ఏమైతుండె? పిల్ల చెయ్యి కాలకపోతుండెనా?”

“నేను కాలకపోతుంటి,” అంది.

వంటింట్లో నర్సింగమ్మ బోళ్లు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. యాదలక్ష్మి గొంతు పెంచకుండానే చెప్పింది. డ్యూటీ నాలుగున్నరకే అయిపోతుందని, తాను అబద్ధం ఆడానని, ఆ తప్పు ఒప్పుకుంటున్నానని. రేపటి నుంచి మళ్లీ ఐదున్నర దాకా ఫ్యాక్టరీలోనే ఉండి చదువుకుంటానని, ఇది అబద్ధం కాదని. బిడ్డ పొయ్యి ముట్టించదని, బోళ్లు తోమదని, ఆ గంటలో ఎవరికి చాయ్ కావాలన్నా వాళ్లే పెట్టుకోవాలని. డిసెంబరు మొదటివారంలో తాహేరా మేడంతో ఢిల్లీకి పోయి పరీక్ష రాసి వస్తానని. దశరథం పేపరు మడిచి, మా అమ్మకు కండ్లు కనపడవని తెలిసీ గిట్లంటవా అన్నాడు. ఆమెకూ ఆ మాట తగిలింది. అందుకే, అత్తమ్మకు కండ్లు కనపడవు గాని మీకు కనపడ్తయి గద అని మాత్రం అని లోపలికి వెళ్లింది.

ప్రయాణం రోజు వరకు ఇంట్లో మాటల్లేవు. దశరథం ఆపలేదు, పంపనూ లేదు. రెండు నెలలు చదవకపోవడంతో అక్షరాలు సగం మరిచిపోయింది. ఆ ఏడు ఆమె తొమ్మిది మార్కుల తేడాతో తప్పింది. మరుసటి ఏడు పాసై, తాహేరా కుర్చీలో కూర్చుంది. కాని అదంతా తర్వాతి మాట. ఆ రోజు సంచి పట్టుకుని గడప దాటింది. పిల్లను ఎవరు చూస్తారు, చుక్కల మందు టైముకు ఎవరు వేస్తారు, ఒక తల్లి చేసే పనేనా ఇది అని లోపలి నుంచి ఎవరో అడుగుతూనే ఉన్నారు. ఆ గొంతు ఢిల్లీ దాకా వెంట వస్తుందని ఆమెకు తెలుసు. రానీ అనుకుంది.

స్వరూప బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదలబోతుండగా కిటికీ ఊచ పట్టుకుని, ఆ ఇంట్లో పెరిగే ఏ పిల్లయినా అడిగే మాటే అడిగింది.

“అమ్మా, నువ్వు వచ్చేదాంక బాపుకు చాయ్ ఎవరు పెడ్తరు?”

యాదలక్ష్మి వంగి, కిటికీలోంచి ఆ మచ్చ ఉన్న చేతిని మెల్లగా ఊచ మీంచి విడిపించింది.

“మీ బాపుకు రెండు చేతులున్నయి బిడ్డా. రెండిట్ల ఒక్కటి గూడ కాలలేదు.”