ఆరో సిలిండర్ ఊపిరి

కథ వినడానికి వచ్చావు కదా, ముందు నీ సంగతి విను. మొన్న నీ ఇంటి గోడ పగిలితే లప్పం పెట్టి, పైన రంగేసి, అద్దెకొచ్చినవాళ్ళకి చూపించావు. వాళ్ళు అడగలేదు, నువ్వు చెప్పలేదు, కాబట్టి అబద్ధమాడలేదని నీ ధీమా. ఆడావు. నోటితో కాకుండా చేత్తో ఆడావు. నోటితో ఆడితే ఎదుటివాడు కాదనగలడు. చేత్తో ఆడినదాన్ని ఆనుకుని మనుషులు నమ్మకంగా నిద్రపోతారు. ఆ నవ్వు ఆపు. బ్రహ్మచారి అనే ఇంజన్ పనివాడు కూడా నీలాగే అనుకున్నాడు.

మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. జాకీర్, బ్రహ్మచారి కలిసి నడిపేవారు. పాత కార్ల ఇంజన్లు తప్ప వేరే పని పట్టుకునేవారు కాదు. పొద్దున్నే జాకీర్ వచ్చి షటర్ ఎత్తి, నేల మీద నీళ్ళు చల్లి, రోడ్డు అవతలి హోటల్‌కి వినబడేలా "దో చాయ్!" అని కేకేసేవాడు. ఆ కేకకి క్వార్టర్లలో కుక్కర్లు దించుకునేవాళ్ళు కూడా ఉండేవారు. బ్రహ్మచారి తరవాత వచ్చి, లేతు మిషన్‌కి అగరుబత్తి వెలిగించి, మాట్లాడకుండా పనిలో కూర్చునేవాడు. కోత, సాన, గ్రైండింగ్ అతనివి. విప్పడం, బిగించడం జాకీర్‌వి. సికింద్రాబాద్‌లో పాత కార్లున్న వాళ్ళందరూ "చారి చెయ్యి పడితే చాలు" అనేవారు. ఆ మాట వినీ వినీ అతనికి అది లేకపోతే గడవని అలవాటైపోయింది.

ఆ షెడ్డులో ఒక రివాజు ఉంది. ఇంజన్ పై భాగాన్ని హెడ్ అంటారు. గాలి లోపలికి వెళ్ళే దారులు దాన్లో ఉంటాయి. హెడ్ బిగించినవాడు, గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్లు పెట్టకముందు, ఒక్కొక్క దారికీ నోరు ఆనించి తన ఊపిరి లోపలికి వదలాలి. అప్పుడే ఇంజన్ గాలి పీల్చడం నేర్చుకుంటుంది. నాలుగు రోజులు నిదానంగా నడిచి, దానంతట అది పీల్చుకోగానే ఎవరి ఊపిరి వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తుంది. అందాకా ఊపిరి పెట్టినవాడు ఆయాసపడుతుంటాడు, మెట్లెక్కడు, సైకిల్ తొక్కడు. జాకీర్ దమ్ము తీస్తూ సందులో నడుస్తుంటే "ఇంజన్‌కు ఊపిరి పెట్టినట్టుండు" అని జనం దారి ఇచ్చేవారు. బస్తీ దవాఖానాలో డాక్టరమ్మ దేవకృప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టకముందే "ఏ బండి జాకీర్ భాయ్?" అని అడిగేది.

ఇంజన్ మంచిదైతే ఊపిరి వస్తుంది. ఊపిరి లోపలుండగానే ఇంజన్ చచ్చిపోతే, అదీ దాంతోనే పోతుంది. అందుకే ఆ షెడ్డులో పని దొంగతనం ఉండేది కాదు.

బేగంపేట నుంచి హేమచంద్ర వచ్చింది ఎండాకాలంలో. వాళ్ళది కాకినాడ వైపు కుటుంబం, ఇక్కడ హోటళ్ళకి సామాను సరఫరా చేసే వ్యాపారం. ఆయన తెచ్చిన కారు తండ్రి కొన్న పాత విదేశీ సెడాన్. బానెట్ ఎత్తితే ఆరు సిలిండర్లూ ఒకే వరసలో, బడిపిల్లల్లా నిలబడి ఉండేవి.

"టర్బో గిర్బో వద్దండీ," అన్నాడు హేమచంద్ర. "బయట నుంచి గాలి తోసి పరిగెత్తించడం నాకిష్టం లేదు. దాని ఊపిరి అదే పీల్చుకోవాలి. కానీ ఇప్పటికంటే గట్టిగా లాగాలి. నాన్నగారు నడిపిన రోజుల్లో కూడా అంత లాగి ఉండకూడదు."

"బండి ఎంత గాలి తాగితే అంత లాగుతది సార్," అన్నాడు జాకీర్. "దారులు వెడల్పు చేయాలె, హెడ్ అడుగు జెర కోయాలె, కార్బొరేటర్లు మూడు పెట్టాలె. టైమ్ పడ్తది. పరేషాన్ కావొద్దు మల్ల."

"మీరు తొందరపెట్టమన్నా పెట్టనండీ. చారిగారి చెయ్యి అని చెబితేనే వచ్చాను."

బ్రహ్మచారి తల ఎత్తలేదు గాని, విన్నాడు.

పని బాగా సాగింది. అయిదు దారులు నున్నగా తయారయ్యాయి. ఆరోది మిగిలిన శుక్రవారం జాకీర్ నమాజుకి వెళ్ళాడు. హేమచంద్ర స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఇంకాస్త లోపలికి పోతుందా చారిగారూ? మీకు తెలియదని కాదు, ఊరికే అడిగాను."

పోదు అని బ్రహ్మచారికి తెలుసు. గాలి దారికి పక్కనే ఇంజన్‌ని చల్లార్చే నీళ్ళ దారి ఉంటుంది, మధ్య గోడ పల్చన. అడిగినవాడిది తప్పంటావా? ఆయనకి తెలియదు. తెలిసినవాడు ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ అతని చేతిని పొగుడుతూ ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. "ఎందుకు పోదు సార్" అన్నాడు బ్రహ్మచారి.

గ్రైండర్ గొంతు మారింది. ఆపి వేలు పెట్టి చూసుకున్నాడు. జొన్నగింజంత రంధ్రం.

"అయిందాండీ?" అన్నాడు హేమచంద్ర.

"అయింది సార్."

చెప్పి ఉంటే ఇంకో హెడ్ వెతకాల్సి వచ్చేది. దొరకడం కష్టం, దొరక్కపోదు. నాలుగు నోళ్ళు "చారి చెయ్యి జారింది" అనేవి. అంతే. ఆ మాట పడలేక, హేమచంద్ర వెళ్ళిపోయాక అతను లోహపు ముద్ద కలిపి రంధ్రంలో కూరాడు. ఆరాక సానపట్టాడు. మిగిలిన అయిదింటికంటే ఆ దారే ఎక్కువ మెరిసింది. జాకీర్ వచ్చి చూసి "వాహ్ చారీ, అద్దం జేసినవ్" అని భుజం తట్టాడు.

హెడ్ బిగించిన రోజు జాకీర్ చేతులు కడుక్కుని, టోపీ సర్దుకుని, మొదటి దారి దగ్గర వంగాడు. ఆరో సిలిండర్ అన్నిటికంటే వెనక ఉంటుంది. గాలి సరిగ్గా తగలక ఎక్కువ వేడెక్కుతుంది. అందుకని దానికి గుండె అడుగున ఉండే ఊపిరి పెట్టాలని రివాజు. మనిషి నిలబడేది దాని మీదే. జాకీర్ ఆరోదాని మీదికి వంగుతుండగా బ్రహ్మచారికి నోరు తెరవడానికి కావలసినంత సమయం ఉంది. అతను గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న పానాన్ని తుడవసాగాడు.

బండి మొదలైంది. గొంతు విని సందులోవాళ్ళు బయటికొచ్చారు. హేమచంద్ర కళ్ళు చెమ్మగిల్లాయి. రోజూ పొద్దున నిదానంగా నడపమని చెప్పి ఇచ్చారు.

ఊపిరులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. జాకీర్ టీ తాగుతూ "ఇగో, ఇంకోటొచ్చింది" అని ఛాతీ మీద కొట్టుకుని నవ్వేవాడు. ఆరోది రాలేదు. పొద్దుటి కేక పోయింది. రోడ్డు దాటి వెళ్ళి తనే టీ అడిగేవాడు. తరవాత రోడ్డు దాటడం కూడా మానేశాడు.

"కార్బొరేటర్ది ఏమన్న తేడా ఉంటది," అన్నాడు బ్రహ్మచారి. హేమచంద్ర బండి తెచ్చినప్పుడల్లా వాటిని విప్పి మళ్ళీ పెట్టేవాడు. పక్కన జాకీర్ కుర్చీలో కూర్చుని చూసేవాడు.

"కార్బొరేటర్ది కాదు చారీ," అన్నాడొక రోజు, మాట మాటకీ ఆగుతూ. "నాదే. ఆ రోజు పొద్దుగాల ఇంట్ల మాబూబీ మీద... గరమైన. కోపం తోని పెట్టిన ఊపిరి... అది. ఇంజన్‌కు నచ్చలే."

"గట్లేం ఉండది భాయ్," అన్నాడు బ్రహ్మచారి.

"మల్లెందుకు రాదు? నీ పని అద్దం లెక్కుండె. తప్పు... నా దగ్గర్నే ఉంది."

విన్నావా? మొదటి తప్పు చెయ్యి జారడం, అది ఎవరికైనా జరుగుతుంది. రెండోది దాచడం. ఇది మూడోది. తన నేరాన్ని ఇంకొకడు ఎత్తుకుని మోస్తుంటే చూస్తూ ఊరుకోవడం. దీనికి నా దగ్గర క్షమ లేదు.

మాబూబీ అన్నం డబ్బా తెచ్చినప్పుడు మొగుడికి తెలియకుండా బ్రహ్మచారిని పక్కకి పిలిచింది.

"అన్నా, రాత్రంత కూసునే ఉంటుండు. పండుకుంటే దమ్మస్తలేదు. నాకు మాఫీ చెప్తుండు, నేనేమన్నన్నానా? నువ్వే జెర మంచిగ చూడన్నా. నీ చేతి మీద నాకు బరోసా."

"చూస్తనమ్మా," అన్నాడు బ్రహ్మచారి. లేతు దగ్గరికి వెళ్ళి పనిలో కూర్చున్నాడు. నోరు మాత్రం విప్పలేదు.

ఆదివారం హేమచంద్ర పాత కార్ల మిత్రులతో శామీర్‌పేట వైపు బయల్దేరాడు. షెడ్డులో జాకీర్ ఉన్నట్టుండి కుర్చీలోంచి పక్కకి ఒరిగాడు. పెదాలు నల్లబడ్డాయి. మాబూబీ పరిగెత్తుకొచ్చింది, దేవకృపను పిలిపించారు. ఆమె చెయ్యి పట్టుకుని చూసి సంచి తెరవనే లేదు.

"బండి ఎక్కడుంది? ముందు దాన్ని ఆపించండి. నా దగ్గర దీనికి మందు లేదు."

అప్పుడే బ్రహ్మచారి ఫోను మోగింది. "చారిగారూ, కాప్రా చెరువు పక్కన ఉన్నానండీ," అన్నాడు హేమచంద్ర హుషారుగా. "భలే లాగుతోంది! వెనకనుంచి తెల్లపొగ వస్తోంది, రేడియేటర్లో నీళ్ళు దిగిపోతున్నాయి. నీళ్ళు పోసుకుని వెళ్ళిపోనా?"

"వద్దు సార్! ముందుకు తోలకుండ్రి. బంద్ సుత చేయకుండ్రి, బందైతే మల్ల లేవది. గట్లనే స్లో మీద ఉంచుండ్రి, వస్తున్న."

ఫోను జేబులో పెట్టుకుని జాకీర్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"భాయ్. నీ ఊపిరిల తప్పు లేదు. ఆరో దారికి నేను బొక్క పెట్టిన. ముద్ద పెట్టి మూసిన. అది ఊడుతుంది."

జాకీర్ చూశాడు. మాట్లాడే ఊపిరి అతని దగ్గర లేదు. మాబూబీ మాట్లాడింది.

"ఆయన వంగి నోరు పెడుతుంటే నువ్వు ఏడున్నవన్నా?"

"పక్కనే ఉన్న."

"పో," అంది ఆమె. "ఈడ కూసోని ఏడ్వకు. పో."

లాలాగూడ, మౌలాలి, ఈసీఐఎల్ మీదుగా స్కూటర్‌ని ఎలా తోలాడో అతనికే తెలియదు. చెరువు పక్కన బండి బానెట్ ఎత్తి ఉంది. ఇంజన్ తడి దగ్గు దగ్గుతోంది.

"ఏమైందండీ?" అన్నాడు హేమచంద్ర.

"నా తప్పు సార్. తర్వాత తిట్టుండ్రి."

చివరి రెండు సిలిండర్లకి గాలి ఇచ్చే వెనక కార్బొరేటర్ విప్పేశాడు. మిగిలిన నాలుగింటి మీదా ఇంజన్ కుంటుకుంటూ తిరుగుతోంది. ఒకరి ఊపిరి బయటికి తీయాలంటే దాని చోట తన ఊపిరి పెట్టాలి. ఇంజన్‌ని వెలితిగా వదలకూడదు. అదీ రివాజే. ఇన్నేళ్ళలో ఎవరికీ ఆ అవసరం రాలేదు. ఉడుకుతున్న ఇనుము మీద పెదాలు ఆనించి, గుండె అడుగు దాకా తవ్వి, ఉన్న ఊపిరంతా ఆరో దారిలోకి వదిలాడు. లోపల ఉన్న జాకీర్ ఊపిరి అతని చెంప పక్కనుంచి వెచ్చగా బయటికి పోయింది. చెరువు మీద గుర్రపుడెక్క ఆకులు ఒక వరసలో కదిలి, మళ్ళీ ఆగాయి.

మెట్టుగూడలో జాకీర్ లేచి కూర్చుని, సందు చివరిదాకా వినబడేలా నీళ్ళడిగాడు.

కాప్రాలో ముద్ద ఊడింది. నీళ్ళు ఆరో సిలిండర్లో పడ్డాయి. లోపల ఏదో విరిగిన చప్పుడుతో ఇంజన్ బిగుసుకుపోయింది. బ్రహ్మచారి ఊపిరి దాన్లోనే ఉండిపోయింది, ప్రాణం మాత్రం మిగిలింది.

హేమచంద్ర కొత్త హెడ్ తెప్పించడానికి ఏడాది తిరిగాడు. ఇంజన్ మళ్ళీ కట్టింది జాకీర్. గ్రైండింగ్ వేరేవాళ్ళ దగ్గర చేయించాడు. ఊపిరులు ఆరూ తిరిగొచ్చాయి, బండి ఇప్పటికీ తిరుగుతోంది. బ్రహ్మచారిని జాకీర్ తిట్టలేదు. షెడ్డులోంచి పొమ్మని కూడా అనలేదు. "మాఫ్ చేసిన" అన్నాడు. మాబూబీ మాత్రం ఆ మాట ఇంతవరకూ అనలేదు, అడగడానికి అతనికి ముఖమూ లేదు.

అతను ఇప్పుడు నట్లు కిరసనాయిల్లో కడుగుతాడు. రెండు మాటలు మాట్లాడి ఆగుతాడు. ఇంటి మెట్లెక్కలేక కింద వాచ్‌మన్ గదిలో పడుకుంటాడు. దూరం నుంచి ఎవరైనా హెడ్ ఎత్తుకొచ్చి "చారి చెయ్యి పడాలి" అంటే జవాబు అతనే చెప్పుకోవాలి. జాకీర్ చెప్పడు. "నా దగ్గర... కాదు. తీస్కపోండ్రి" అంటాడు. ఎందుకని అడిగితే అదీ చెబుతాడు, రంధ్రం నుంచి మొదలుపెట్టి, ఆగి ఆగి, మొత్తం.

మొదట్లో ఒకసారి, ఎవరూ లేనప్పుడు, గ్రైండర్ తీసుకుని పాత ఇనుపముక్క మీద పెట్టి చూశాడు. గీత వంకర పోయింది. చెయ్యి కదలకుండా ఉండాలంటే కోత అయ్యేదాకా మనిషి ఊపిరి బిగబట్టాలి. బిగబట్టడానికి అతని దగ్గర ఊపిరి లేదు.