పైవాటా నుంచి వచ్చిన కొమ్మ

నేను మూత పోయిన ఒక గాజు సీసాను. కొలిమిలో ఎర్రగా కరిగి పుట్టాను. పిల్లల బలానికని పాలలో కలిపే పొడిని మోసుకుంటూ కాకినాడలో హైమావతి వంటగట్టు చేరాను. పొడి అయిపోయాక కొన్నాళ్లు ఉప్పు పోసింది, కొన్నాళ్లు ఆవాలు. ఖాళీ సీసా పారేయడానికి మనుషులకు చేతులు రావు.

ఆ రోజు ఆమె భర్త ఓడరేవులో ఉద్యోగం అడగడానికి వెళ్లాడు. అతను వీధి మలుపు తిరగగానే హైమావతి చప్పుడు కాకుండా పైవాటా మెట్లెక్కి, సుగుణమ్మగారి మనీప్లాంట్ కొమ్మ ఒకటి తుంచి కొంగు కింద దాచి తెచ్చింది. అడిగి తెస్తే కలిసిరాదట, దొంగిలిస్తేనే కలిసొస్తుందట. చెబితే ఆ కలిసొచ్చేదీ పోతుందట. నాలో నీళ్లు పోసి, కొమ్మ నిలబెట్టి, కిటికీలో ఉంచి దణ్ణం కూడా పెట్టుకుంది.

గంట తిరక్కుండానే హైమావతి పెంచుకునే పిల్లి బూరె వచ్చి రెండు ఆకులు నమిలింది. నాలో మూతి దూర్చి నీళ్లూ నాకింది. కాసేపటికి నోట నురగ, కాళ్లలో వణుకు. హైమావతి ముందు ఏడాదిన్నర కూతురి నోట్లో వేలు పెట్టి వెతికింది, చేతులు వాసన చూసింది. పాప ఏమీ తినలేదు. అప్పుడు పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది.

"మనీప్లాంట్ తింటే నోరు మండుతుంది, చొంగ కారుతుంది. ఈ వణుకు దాని వల్ల కాదమ్మా. పురుగుమందేమైనా కొట్టారా?"

"తెలీదండి."

"మొక్క మీదేగా?"

ఆమె పైవాటా వైపు చూసింది.

"కనుక్కుని వెంటనే తీసుకురండి. ఏ మందో తెలియాలి."

చంకలో పాప, భుజానికి సంచిలో బూరె, చేతిలో నేను. మెట్ల దగ్గర ఆగిపోయింది. ఉద్యోగం ఒకవైపు, పిల్లి ఒకవైపు. సంచి లోపల మూలుగు వినిపించింది. ఎక్కేసింది.

"పిన్నిగారూ, ఈ కొమ్మ మీదే. నేనే తుంచుకెళ్లాను. దీనికి మందు కొట్టారా అండి?"

"పొద్దున్నే కొట్టానే, తెల్లపురుగు పట్టిందని. ఏం, పాప నోట్లో పెట్టుకుందా?"

"బూరె తినేసిందండి."

"అడిగుంటే ముట్టుకోవద్దని చెప్పేదాన్ని కదే. దొంగతనంగా వచ్చేదానికి ఎవరు చెబుతారు?" అంటూనే సుగుణమ్మగారు లోపలికెళ్లి మందు డబ్బా తెచ్చారు. పాపను తన చంకలోకి లాక్కున్నారు. "నిలబడ్డావేం, ఆటో పిలు."

పశువుల ఆసుపత్రిలో డాక్టరు డబ్బా మీది పేరు చదివి సూది అందుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. "ఆ నీళ్లలోకీ మందు దిగి ఉంటుంది. ఈ సీసా ఇంటికి వద్దు."

అలా నేను ఆసుపత్రి వెనక చెత్తలో పడ్డాను. ఇక్కడి నుంచి కిటికీ ఊచలు తప్ప ఏమీ కనబడదు. రెండో సూది వేస్తున్నానని డాక్టరు చెప్పడం విన్నాను. ఫోన్ మోగి మోగి ఆగింది.

"మీ ఆయనేమో చూడవే," అన్నారు సుగుణమ్మగారు.

"తర్వాత చూస్తానండి."

పొద్దు వాలుతుండగా లోపల ఒక అరుపు వినిపించింది, బొంగురుగా, కోపంగా.

"నోర్మూసుకో, నా ప్రాణం తీశావు ఇవాళ," అంది హైమావతి.

బూరె ఊరుకోలేదు. ఇంకా గట్టిగా అరిచింది. ఈసారి ఎవరూ దాన్ని ఆపలేదు.