మడతలోని మార్గము

ఆషాఢ మధ్యాహ్నమున యారాడ కొండపై క్రమ్ముకొన్న నీలమేఘములు సముద్రపు వెలుగునెల్ల హరించి ఆటోనగరపు రేకుల కప్పులపై సీసపు రంగు పరచుచుండ, ఆవిరి బాయిలర్లు చేయు ఒకానొక కర్మాగారపు రెండవ అంతస్తున కనకవల్లి కిటికీ మూయుటకు లేచి మూయక యట్లే నిలిచి, అద్దపు గోడకావల కంప్యూటరు ముందు వంగియున్న యోహానును చూచుచుండెను.

కనకవల్లి అచ్చట ఇరువదియారు సంవత్సరములుగా డ్రాయింగులు సరిచూచు నుద్యోగిని. ఆమె సంతకము లేనిదే షెడ్డులో రేకుపై కోత పడదు. మూతకును రింగుకును నడుమ వెండ్రుకంత సందున్నను ఆవిరి తన్నుకొనివచ్చి మనుష్యుల నుడికించునని యెరిగిన దగుటచే ఆమె యెవ్వరి మాటను నమ్మదు; కొలతను నమ్మును, అదియు రెండుమారులు కొలిచిన పిదప.

ఆ యేట యాజమాన్యమువారు డ్రాయింగులన్నిటిని ఒక సాఫ్టువేరునకు అప్పగింప నిశ్చయించిరి. డ్రాయింగు నడచు దారిని కనకవల్లియే కాగితముపై గీసినది: నడుమ పైన చిత్తు, కుడిప్రక్కన పరిశీలన, దానిక్రింద ఆమోదము, తిరిగి నడుమకు వచ్చి అడుగున షెడ్డు. గడి యొక్కొక్కటి కంప్యూటరులో ఒక దశ కావలెను. బాణమొక్కొక్కటి ఒక దశనుండి వేరొక దశకు పోవు అనుమతి కావలెను. ఆ యమరికకై హైదరాబాదునుండి వచ్చినవాడే యోహాను.

వాడు మితభాషి. మేనేజరు శేషగిరితో కలిసి టీ త్రాగును. పరిశీలనకు నాలుగు దినములు పట్టుచున్నవని నిత్యము సణుగువాడా శేషగిరి. ఇరువురును కలిసి పరిశీలన గడిని ఎగురగొట్టుదురని శంకించుటకు ఇంతకన్న నేమి కావలెను? తన బీరువా రెండవ తాళపుచెవి శేషగిరి యొద్ద నున్నదని తలచి కనకవల్లి తన పటమును నిలువున సగమునకు మడిచి మూడు వారములు చేతిసంచిలోనే మోసి, తుదకు అసలు నీయక జెరాక్సు ప్రతిని మాత్రమే వాని కిచ్చెను.

వాడు దానిని చూచి, "మేడమ్, ఇందులో ఒక గీత గురించి అడగాలండి," అనెను.

"అడగడానికేం లేదు బాబూ. అందులో ఉన్న గీత ఒక్కటి తగ్గకూడదు, ఒక్కటి పెరగకూడదు," అని యామె వాని మాట త్రుంచివేసెను.

అది జరిగి పది దినములైనది. ఇప్పుడామె కిటికీయొద్ద నుండగనే షెడ్డు మేస్త్రీ ముత్యాలు నూనె చేతులను గుడ్డతో తుడుచుకొనుచు ఒక కాగితము పట్టుకొని వచ్చెను.

"అమ్మగోరూ, ఈ మూత డ్రాయింగు కంప్యూటర్లోంచి షెడ్డుకి దిగిపోనాది. మీ సంతకం నేదు. కోసీమంతారా, ఆగమంతారా?"

ఆమె స్కేలు తీసి కొలిచెను, మరల కొలిచెను. మూత రింగుకన్న పండ్రెండు మిల్లీమీటర్లు తక్కువగా నుండెను.

"ఎవరు పంపారు ముత్యాలూ?"

"పంపినోడు కనబడితే మీకాడికెందుకొత్తానండి?"

ఆమె కంప్యూటరు తెరచి చూడగా చిత్తు దశక్రింద రెండు మీటలు గోచరించెను. ఒకటి పరిశీలనకు. రెండవది తిన్నగా షెడ్డునకు. దొడ్డిదారి తెరచినవారెవరో ఆమెకు సందేహము లేకపోయెను. ఆ క్షణముననే యజమానులకు ఫిర్యాదు వ్రాసి శేషగిరి పేరు మొదటి పంక్తిలోనే పెట్టి సంతకము చేసి, మడిచి సంచిలో నుంచుకొని, యోహాను బల్లయొద్దకు నడచెను. శేషగిరియు నచ్చటనే యుండెను.

"ఏమండీ కనకవల్లి గారూ, కంప్యూటరుకి కూడా సంజాయిషీ నోటీసు ఇస్తారా?" అని యతడు నవ్వెను.

ఆమె అతనివంక చూడక, "షెడ్డుకి ఈ దారి ఎవరు పెట్టమన్నారు?" అని యోహాను నడిగెను.

"మీరే కదండీ," అని వాడు సొరుగునుండి జెరాక్సు తీసి పరచెను. చిత్తు గడినుండి షెడ్డు గడివరకు తెగితెగి సాగిన సన్నని గీత యొకటి నిటారుగా నుండెను. "బాణం మొన లేదు. జెరాక్సులో పోయిందేమో, అర్జెంటు పనులకి అడ్డదారేమో అనుకున్నాను. అడగబోతే మీరు వద్దన్నారు."

కనకవల్లి సంచినుండి అసలు పటమును తీసి విప్పెను. అందా గీత లేదు. గీత యుండవలసిన చోట మూడు వారముల మోతకు నలిగి మాసిన మడత యుండెను.

యోహాను ఆ రెండవ మీటను తొలగించి మూత డ్రాయింగును పరిశీలన దశకు మరలించెను. ఆమె వెంట వచ్చిన ముత్యాలు తలుపుకడనుండి, "మడతకే ఇంత దారుంటాదేటండి," అని గొణిగి షెడ్డునకు దిగిపోయెను.

ముత్యాలునకును అనుమానము కలిగినది. అతడు మెట్లెక్కివచ్చి అడిగెను. అడిగిన అనుమానము పదిమంది ప్రాణములకు కాపు కాచును. మడిచి దాచుకొన్న అనుమానము తనకు తెలియకుండగనే దారియొకటి గీయును.

కనకవల్లి తన స్థానమునకు వచ్చి ఫిర్యాదును విప్పెను. దానిని గూడ నిలువుననే మడిచియుండెను. ఆ మడత మొదటి పంక్తిలోని శేషగిరి పేరుకడ బయలుదేరి, తిన్నగా క్రిందికి వచ్చి, ఆమె సంతకము నడుమనుండి పోయియుండెను.