బోగా బిగించిన క్లచ్

మూడో రోజు పొద్దున కూడా కారు కదల్లేదు. అబ్రఫీ స్టీరింగు ముందు కూర్చుని క్లచ్ తొక్కి గేరు వేయబోయింది. కర్రుమని అరిచింది తప్ప గేరు పడలేదు. మాడు కంపు గుప్పుమని ముక్కుకు తగిలింది. వాకిట్లో అలసందలు కలిపి వండిన వాచే అన్నం రెండు గంజుల్లో పొగలు కక్కుతోంది.

కొనొంగో ఊళ్లో ట్రైనింగ్ కాలేజీ గేటు దగ్గర తిండి అమ్మేవాళ్లకు ఒక కట్టుబాటుంది. వరసగా మూడు రోజులు బల్ల ఖాళీగా ఉంటే, మూడోనాడు పది గంటల బెల్లు కొట్టగానే ఆ చోటు పక్కమనిషిది. పక్కమనిషి డుఫియే. అబ్రఫీ పదకొండేళ్లుగా కూర్చుంటున్న నీడపట్టు మీద ఆమె కన్ను ఎప్పటినుంచో ఉంది. రెండు రోజులు ఇప్పటికే పోయాయి.

పోగొట్టింది మొగుడు ఓబెంగ్. హాంబర్గ్ వెళ్లొచ్చిన ప్రతివాణ్ణీ ఊరు బోగా అంటుంది. ఈ బోగా అక్కడ తొమ్మిదేళ్లు కార్ల కార్ఖానాలో పనిచేశానని చెప్పుకుంటాడు. నడినెత్తిన ఎండ మండుతున్నా తోలుకోటు విప్పడు. మన ఫిట్టర్లకు జర్మన్ బండి గురించి ఏం తెలుసని, కొత్త క్లచ్ ప్లేటు తెచ్చి ఇంట్లోనే తన చేత్తో బిగించాడు. అంతే, బండి చచ్చి కూర్చుంది.

మొదట, క్లచ్ ఆయిల్లో గాలి చేరిందన్నాడు. అబ్రఫీని సీట్లో కూర్చోబెట్టి "నొక్కు, వదులు" అని గంటసేపు ఆమె మోకాలు అరగదీశాడు. కారిన నల్లటి ఆయిలు పట్టింది ఎందులో? ఆమె అమ్మ ఇచ్చిన మట్టి దాకలో, ఇంటిల్లిపాదీ ఫుఫూ ముద్ద తినే దాకలో! దాన్ని చూస్తేనే ఆమెకు డోకొచ్చింది. తర్వాత పెడలు కింద పరిచిన పట్టా అడ్డమొస్తోందన్నాడు. చివరికి, నీ తొక్కుడే సరిగా లేదన్నాడు.

"టాక్సీలో పోతాను" అని ఆమె మొదటిరోజే అంది.

"బోగా పెళ్లాం టాక్సీలో గంజులేసుకుపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోనే? ఒక్క గంట ఆగు."

ఆ ఒక్క గంట రెండు రోజులైంది. ఈ పొద్దున ఆమె మొగుణ్ణి అడగకుండానే ఫిట్టరు తావియాను పిలుచుకొచ్చింది. తావియా రావడంతోనే పెడలు నాలుగుసార్లు తొక్కి, ఇంజిన్ ఆపి గేరు వేశాడు. సాఫీగా పడింది. ఇంజిన్ నడుస్తుంటే మాత్రం పడదు.

"క్లచ్ విడవట్లేదక్కా. గేర్‌బాక్స్ దించాల్సిందే."

దించేసరికి తొమ్మిదింబావు. ప్లేటు బయటికి తీసి చూసి తావియా నవ్వు ఆపుకోలేకపోయాడు. "బోగా, దీని మీద ఏదో రాసుందే. ఏంటది?"

"గెట్రీబెజైటె," అన్నాడు ఓబెంగ్ గొంతు సవరించుకుని. "ఇంజిన్ వైపు అని. అందుకే ఇంజిన్ వైపు పెట్టా."

"నాకు జర్మన్ రాదు. ఇలాంటి బండ్లు వంద విప్పుంటా. ఈ మాట ఎప్పుడు చూసినా గేర్‌బాక్స్ వైపే ఉంటది. ప్లేటు తిరగేసి బిగించావు బోగా!"

అబ్రఫీ మొగుడి కళ్లలోకి చూసింది. "తొమ్మిదేళ్లు కార్ల కార్ఖానాలో ఉన్నావు. ఈ ఒక్క మాట రాదా?"

ఓబెంగ్ తల దించుకున్నాడు. "కార్ఖానా కాదే. మాంసం గోదాములో పంది పేగులు కడిగేవాణ్ణి. అక్కడంతా మనూరి వాళ్లే, మన ట్వీ భాషే మాట్లాడేవాళ్లం. జర్మన్ ఎవడు నేర్పాడు?"

ఆమెకు పేగుల మీద అసహ్యం కలగలేదు. తనూ మేకపేగులు కడిగి పులుసు వండే మనిషే. రోత పుట్టింది ఆ తోలుకోటు మీద, ఆ గొంతు సవరింపు మీద, తనకు తొమ్మిదేళ్లు రాసిన ఉత్తరాల మీద. ఛీ అనుకుంది. పైకి కూడా అంది.

"ఎప్పటికవుద్ది తావియా?"

"మళ్లీ ఎక్కించి బిగించాలి. మధ్యాహ్నం దాటుద్దక్కా."

ఆ వేళప్పుడు టాక్సీ కోసం రోడ్డెక్కి నిలబడితే పది అక్కడే అవుతుంది. అబ్రఫీ పాతగుడ్డ చుట్టకుదురు చేసి మొగుడి నెత్తిన పెట్టింది. గంజు ఒక పక్క తావియా, ఒక పక్క తను పట్టి ఎత్తారు.

"ఏమే, నేనా? నడిబజార్లో?" అన్నాడు ఓబెంగ్.

"నువ్వే. ఇది ఏ వైపు తిప్పి పెట్టుకున్నా ఒకటే. నడువు."

రెండో గంజు తను ఎత్తుకుంది. దారి పొడవునా "బోగా, కారేదీ?" అని జనం అడుగుతూనే ఉన్నారు. తోలుకోటు మీద వాచే నీళ్లు ఎర్రగా కారుతున్నాయి. కాలేజీ గేటు దగ్గర డుఫియే అప్పటికే తన బల్ల సగం ఇవతలికి జరిపింది. ఓబెంగ్ గంజు దించాడు. అప్పుడే పది గంటల బెల్లు మోగింది.

డుఫియే బల్ల వెనక్కి లాక్కుంటూ మూతి విరిచింది. "ఎవరే ఈ కొత్త మోతగాడు?"

"మా ఆయన," అంది అబ్రఫీ, అన్నం కట్టే ఆకు మడుస్తూ. "హాంబర్గ్ నుంచి ఇవాళే దిగాడు."