నాకు పడదు

కుర్చీ కాలికి ఉప్పుకాగితం రుద్ది ఇస్తే, వడ్రంగి మొగుడు అరచేత్తో నిమిరి, "ఇక్కడింకా గరుకుంది, కనబడలేదా?" అన్నాడు. కనబడలేదు. నెల్లాళ్లుగా పొద్దు వాలితే చాలు, ఆమెకి అన్నీ మసకే. కళ్లలో రంపపుపొట్టు పడ్డట్టు ఒకటే గరగర. మోచేతుల మీద, తొడల మీద చర్మం బొడిపెలు లేచి గరుకెక్కింది. ఆయన ముద్దుగా "నా ఉప్పుకాగితం" అంటే తనూ నవ్వేది. మంచివాడే పాపం. కర్రలో వెంట్రుకంత చీలికైనా పట్టేసే ఆ చేతికి, పెళ్లాం ఒళ్లు ఎండిపోతోందని మాత్రం తట్టలేదు.

మొన్న చీకటి పడే వేళ గడప తట్టుకుని కూరగిన్నెతో సహా పడిపోయింది. పాలు పడక నలభయ్యేళ్లుగా ఉత్త డికాషనే తాగే అత్తగారు, ముందు దాన్ని కళ్ల డాక్టరుకి చూపించరా అని కొడుకుని కసిరింది.

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. కంటి తెల్లగుడ్డు మీద సబ్బునురగలాంటి మచ్చ. మోచేతులూ తడిమింది. గోరు దేంతో గట్టిపడుతుందో ఆ సరుకే, తడిగా ఉండాల్సిన కంటిపొర మీదా చర్మం మీదా పేరుకుంటోందంది. ఒంట్లో ఎ విటమిన్ లేకపోతే ఇలాగే అవుతుందట. ఇంకా ఆలస్యం చేసుంటే చూపే పోయేదట. మందు రాస్తూ, గుడ్లు, పాలు, ఆకుకూరలు బాగా తినమంది.

"ఆవిడకి గుడ్డు పడదండీ," అన్నాడు మొగుడు ఎంతో శ్రద్ధగా. "ఇంకేదైనా చెప్పండి."

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కాపురానికొచ్చిన మూడోరోజు అయిదుగురికి నాలుగే గుడ్లుంటే, నాకు పడదు అంది. ఆ పూట గడవడానికి అన్న మాట. పన్నెండేళ్లుగా ఇల్లంతా దాన్ని ప్రేమగా గుర్తుపెట్టుకుంది. పాపం కోడలికి పడదంటూ అత్తగారు ఆమె వంతు వదిలేసే తెప్పించేది. పోనుపోను పాలూ కూరా కూడా అందరికీ అయ్యాక మిగిలితేనే ఆమెకి. ఎవర్నని తిడుతుంది? తను తీసిన గోతిలో తనే పడింది. కాకపోతే ఇన్నేళ్లలో తొంగిచూసినవాళ్లు లేరు.

"పడుతుంది," అంది డాక్టరమ్మతో. మొగుడు తిరిగి చూశాడు. "పడదని అబద్ధం చెప్పాను. ఆ రోజు ఒకటి తక్కువైంది."

దారంతా ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపిస్తూ, ఆ గరుకునే బొటనవేలితో మళ్లీ మళ్లీ నిమిరాడు. ఇంటిముందు ఆగి, "నేనెప్పుడూ అడగలేదు కదే," అన్నాడు.

ఆ పూట అత్తగారికీ నిజం చెప్పేసి, గుడ్లు ఉడికాక మొదటిది తన కంచంలోనే వేసుకుంది. గ్లాసు నిండా పాలు పోసుకుని, అందరితో పాటే కూర్చుంది. అత్తగారు కాసేపు ఆమెనే చూసింది. తర్వాత డికాషన్ పక్కనపెట్టి, ఖాళీ గ్లాసొకటి మెల్లగా కోడలి ముందుకు జరిపింది.

"నాకూ కాసిని పొయ్యవే. మా అత్తకి నేను చెప్పిందీ అబద్ధమే."