ఫ్యూజన్ ఎవరి భాగం

మా అత్తగారింట్లో ఆస్తి పంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళు భాగాలు పెట్టాలి, చిన్నవాళ్ళు ముందు ఎత్తుకోవాలి. తనకు ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి పెట్టేవాడు న్యాయంగా పెడతాడని నమ్మకం. ఎత్తుకున్నాక మాత్రం ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తకూడదు. మా మామగారూ ఆయన తమ్ముడూ కాటన్‌పేటలోని దారాల దుకాణాన్ని, గోదామును, ఇత్తడి సామాన్లను ఇలాగే పంచుకున్నారు. చివరిదాకా అన్నదమ్ముల మధ్య ఒక్క మాట తేడా రాలేదని ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ గొప్ప వినీ వినీ నాకు విసుగొచ్చింది. ఇత్తడి బిందెలకు పనికొచ్చిన పద్ధతి లోకంలో అన్నిటికీ పనికొస్తుందని వీళ్ళకెవరు చెప్పారో తెలియదు.

ఆ తమ్ముడే చెన్నరాయప్ప. మా ఆయన గురుమూర్తికి చిన్నాయన, నాకు చిన్నమామ. పెళ్ళి చేసుకోలేదు. మా మేడమీద గదిలో ఉంటారు. వయసులో ఉన్నప్పుడు పగలంతా దారపు కండెలు, జిప్పులు, లేసులు అమ్మేవారట. ఆదివారం వస్తే పాత సామాన్ల సంతలోనో, అవెన్యూ రోడ్డులోనో తిరిగి ఎల్పీ రికార్డులు ఏరుకొచ్చేవారట. కాటన్‌పేటలో అగరుబత్తుల వాసనల మధ్య ఇంగ్లండు గిటార్లు వినే మనిషి ఆయనొక్కరే. మా ఆయనకూ, మా ఆడపడుచు కిరణ్మయికీ ఆ పిచ్చి అంటించింది కూడా ఆయనే. వాళ్ళ నాన్న లెక్కలు నేర్పితే చిన్నాయన తాళాలు నేర్పారు.

ఆ గదిలో ఎడమ గోడంతా రాక్, అందులోనూ ఎక్కువ ప్రోగ్రెసివ్ రాక్. కుడి గోడంతా జాజ్. మధ్యలో కిటికీ కింద ఒక టేకు పెట్టె. అందులో ఫ్యూజన్ రికార్డులు. జాజ్ వాయించేవాళ్ళు కరెంటు గిటార్లు, సింథసైజర్లు పట్టుకుని, రాక్ వాళ్ళంత గట్టిగా, మెలికల తాళాల్లో వాయించిన సంగీతం అది. దాన్ని ఏ గోడకు చేర్చాలో చిన్నమామ ఎప్పుడూ తేల్చలేదు. తేల్చవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు. అవసరమంతా వీళ్ళిద్దరికే కనిపించింది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచీ ఆదివారం మధ్యాహ్నం ఒకటే తంతు. కిరణ్మయి ఊరికి ఆ చివరనున్న బ్రూక్‌ఫీల్డ్ నుంచి మెట్రో ఎక్కి వస్తుంది. అక్కడ ఆఫీసులో ఉద్యోగం, సెలవు రోజుల్లో ఒక రాక్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తుంది. భోజనాలయ్యాక ముగ్గురూ మేడెక్కుతారు. పెట్టెలోంచి ఒక రికార్డు తీస్తారు. ఒక పక్క పూర్తయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. పూర్తయిన మరుక్షణం అన్నాచెల్లెళ్ళు మొదలుపెడతారు.

“ప్రోగ్రెసివ్ రాక్ అంటే కట్టిన ఇల్లమ్మా” అంటాడు మా ఆయన. “ఏ గది యాడుండాలో ముందే గీసుకొని కడతారు. ఈ ఫ్యూజన్‌లో ముందర ఒక పల్లవి వాయించేది, ఆమీద ఎవురికి తోచినట్ల వాళ్ళు పోయేది. ఇది జాజే.”

“రామనవమి పందిట్లో కీర్తన పాడి స్వరకల్పన మొదలుపెడితే అప్పుడది కీర్తన కాకుండా పోతాదా అన్నా?” అంటుంది కిరణ్మయి. “ఆ డ్రమ్మర్ లెక్క చూడు, ఏడు దెబ్బలు. ఆ గిటార్ సౌండు చూడు. కోటేసుకొని క్లబ్బులో కూర్చొని వాయించేదా ఇది? పేరొకటి జాజ్, ఒళ్ళంతా రాక్.”

“పేరు సుమ్నే, ఊరికే రాదు.”

“కొత్త దారి తొక్కిన రాక్‌కే గదా ప్రోగ్రెసివ్ అని పేరు పెట్టింది. ఆ దారి పక్కింటి మీదుగా పోతే తప్పా?”

మా ఆయనకు ముక్కుమీద కోపం. ఆమెకు అంతకన్నా ఎక్కువ. గొంతులు కిందికి, వంటింట్లోకి వినిపించేవి. నేను టీ తీసుకుని పైకి వెళ్ళేసరికి చిన్నమామ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, ఎంతో సుఖంగా నవ్వుతూ ఉండేవారు. తీర్పు చెప్పమని ఇద్దరూ మీద పడితే, “ఇంగో పక్క తిప్పండప్పా” అనేవారు. అంతే. రికార్డు తిప్పేవారు. నా చెవికి అదంతా గోదాము ముందు లారీ సరుకు దింపుతున్నట్టే ఉండేది. కానీ వారం పొడుగునా దుకాణం గొడవలతో ముఖం మాడ్చుకుని ఉండే మనిషి ఆ పోట్లాట తర్వాత మెట్లు దిగుతూ ఈల వేసేవాడు. అందుకని నేనెప్పుడూ కాదనలేదు.

పోయిన ఏడాది చిన్నమామకు చెవులు మందగించాయి. నరం దెబ్బతిందన్నారు డాక్టరు. చెవికి మెషీన్ పెట్టారు. ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడితే అందుతుంది. పాట మాత్రం అందదు. “తగరం డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్ల ఉండాది నళినీ” అన్నారు నాతో. రికార్డు పెట్టగానే మెషీన్ తీసి జేబులో వేసుకునేవారు. అయినా ఒక్క ఆదివారం కూడా మానలేదు. ముగ్గురూ పైకి వెళ్ళేవాళ్ళు, ఇద్దరు వినేవాళ్ళు.

మొన్న ఉగాది వెళ్ళాక ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి, రికార్డులు పంచేస్తానన్నారు.

“నేనుండంగానే మీ చేతికిస్తే నాకు నెమ్మది. గురూ, నువ్వు పెద్దోడివి, రెండు భాగాలు పెట్టు. కిరణా, నువ్వు ఎత్తుకో. కానీ ఆదివారం మాత్రం ఇద్దరూ ఈడికే రావాల. ఎవురి రికార్డులు వాళ్ళు తెచ్చుకొని ఈ గదిలోనే పెట్టాల. నాకు ఇంగేమీ వద్దు.”

పెట్టెను పంచకుండా అలాగే ఉంచేయమని నేనన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “అన్నీ పంచి ఒకటి వదిలితే ఆ ఒక్కదానికే కొట్లాడతారమ్మా. మా బజార్లో ఎన్ని ఇండ్లు చూసినాను.” నిజమే, చూసి ఉంటారు. ఆ ఇళ్ళలో కొట్లాట ఇంటిని కూల్చింది. ఈ ఇంట్లో కొట్లాటే ఇంటిని నిలబెడుతోందని ఆయనకూ తోచలేదు, అప్పటికి నాకూ తోచలేదు.

పంపకం రోజు పొద్దున కాఫీ దగ్గర మా ఆయన్ని అడిగాను, పెట్టెను ఏం చేస్తారని.

“జాజ్ పక్క పెడతా. అది జాజే గదా.”

“సగం సగం పెట్టండి. ఇద్దరికీ బాగుంటుంది.”

“ఇన్నేండ్లు ఒక మాట చెప్పి ఈరోజు సగం మారిస్తే ఆ కిరణ నన్ను బతకనిస్తాదా?”

మాట నిలబెట్టుకోవడం ఒక్కటే కాదని నాకు తెలుసు. దుకాణంలో చిరాకేస్తే మేడెక్కి ఆ పెట్టె తెరిచేవాడు. ఆ రికార్డులంటే మా ఆయనకు ప్రాణం. చెల్లెలు రాక్ బ్యాండు మనిషి, రాక్ గోడను వదులుకోదు. తన సిద్ధాంతం ప్రకారం భాగాలు పెడితే పెట్టె దానంతటదే తనకు మిగులుతుంది. న్యాయమూ ఆశా ఒకే దారిన నడిస్తే మనిషికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది. కాఫీ చప్పరిస్తూ తాపీగా కూర్చున్న ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం కిరణ్మయి వచ్చింది. గదిలోకి అడుగుపెట్టి చూసింది. ఎడమ గోడ ఎలా ఉన్నది అలాగే ఉంది. టేకు పెట్టె కిటికీ కిందనుంచి జరిగి కుడి గోడ పక్కకు చేరింది.

“ఇదేనా అన్నా నువ్వు పెట్టిన భాగం?”

“ఇదే.”

“అవి రాక్ కాదంటావు.”

“కాదు. ఎప్పుడూ చెప్పేదే గదా.”

ఆమె పెట్టె దగ్గరికి వెళ్ళి మూత మీద చెయ్యి పెట్టింది. దాన్నే ఎత్తుకుంటుందని, రాక్ అంతా అన్నకు వదిలేస్తుందని నాకనిపించింది. ఎత్తుకునే హక్కు ఆమెదే. కానీ ఆ పెట్టెను జాజ్ గోడతో కలిపి తీసుకుంటే అన్న మాట ఒప్పుకున్నట్టవుతుంది. ఆమె ముఖంలో ఆ తర్జనభర్జనంతా కనబడుతోంది. చెయ్యి తీసేసింది. ఎడమ గోడ దగ్గరికి నడిచి ఒక రికార్డు బయటికి లాగి గుండెకు ఆనించుకుంది.

“ఈ గోడ నా భాగం.”

అక్కడితో ఊరుకుని ఉంటే ఎలా ఉండేదో. మా ఆయన ఊరుకునే రకమా? పకపకా నవ్వి, “అంటే నువ్వూ ఒప్పుకున్నట్లే గదమ్మా, ఫ్యూజన్ రాక్ కాదని” అన్నాడు.

కిరణ్మయి అతని వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి. గొంతు మాత్రం తొణకలేదు. “భాగం పెట్టింది నువ్వు. ఎత్తుకుంది నేను. ఇంగ ఆ మాట మన మధ్యన లేదన్నా.”

చిన్నమామ మెషీన్ సర్దుకుంటూ, “ఏమంటా ఉండాదిరా?” అని అడిగారు. “ఒప్పుకునిందంట” అని గట్టిగా చెప్పాడు మా ఆయన. పెద్దాయన సంతోషించి ఇద్దరి నెత్తిన చెయ్యి పెట్టారు. గొడవ లేకుండా తేలిపోయిందని అందరికీ మైసూరుపాకు పంచారు. నా ముక్కను నేను ప్లేట్లోనే వదిలేశాను.

తర్వాతి ఆదివారం ఆమె వచ్చింది. తన భాగంలోంచి ఒక రాక్ రికార్డు తెచ్చి పెట్టింది. బాగుందన్నాడు మా ఆయన. తరువాత అతను పెట్టెలోంచి ఒకటి తీసి పెట్టాడు. ఆ పక్క పూర్తయింది. ఇక మొదలవుతుందని నేను టీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగాను.

“చూసినావా” అన్నాడు మా ఆయన, “ఆ గిటార్ వాడు యాడికి పోయినాడో వాడికే తెలియదు. ఇదా కట్టిన ఇల్లు?”

కిరణ్మయి పెదవి కదిలింది. మళ్ళీ మూసుకుంది. “అది నీ భాగం అన్నా. దాని గురించి నేను మాట్లాడకూడదు.”

“ఊరికే చెప్పు, పర్వాలేదు.”

“పద్ధతి పద్ధతే గదా” అంది. చిన్నమామ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఎవరి పెదవులూ కదలడం లేదు. “ఇంగో పక్క తిప్పండప్పా” అన్నారు చివరికి. తిప్పారు.

ఆ పై ఆదివారం ఆఫీసు పని ఉందని ఫోన్ చేసింది. దాని తర్వాతి వారం ఫోన్ కూడా లేదు. ఉండబట్టలేక నేనే చేశాను.

“నాకు అన్న మీద కోపం లేదు వదినా” అంది. “కానీ వచ్చి ఏం చెయ్యాల? మా ఇద్దరి మాటంతా ఆ పెట్టెలోనే ఉండె. దాన్ని ఎదురుగా పెట్టుకొని నోరు మూసుకొని కూర్చోవాలంటే నా చేత కాదు. బేజారైతాది.” కాసేపు ఏడ్చింది. “అన్న గెలవాలని నేనెప్పుడూ కొట్లాడలేదు వదినా, ఓడాలనీ కొట్లాడలేదు.”

ఫోన్ పెట్టేసి నేరుగా ఇంటి కిందనున్న దుకాణంలోకి దిగాను. గిరాకీలున్నారని కూడా చూడలేదు. “ఇప్పుడే బ్రూక్‌ఫీల్డ్ వెళ్ళండి. తప్పు మీదేనని చెప్పండి. పెట్టెను మళ్ళీ కిటికీ కిందికి జరపండి.”

మా ఆయన కండెలు సర్దుతూ తలెత్తలేదు. “ఎత్తుకున్న భాగాన్ని తిరగేస్తారా? మా నాయన, చిన్నాయన ఎప్పుడన్నా తిరగేసినారా?”

“వాళ్ళు పంచుకున్నది బిందెలు” అన్నాను. అతనికి అర్థం కాలేదు. లేదా, అర్థమైనా ఒప్పుకోకుండా ఇంకో కండెల డబ్బా ముందుకు లాక్కున్నాడు. ఆ మొండితనం చూస్తే కోపమొచ్చింది. వెనక్కి తిరిగి మెట్లెక్కుతుంటే జాలి కూడా వేసింది. భోజనం దగ్గర అతను చెల్లెలి మాట ఎత్తలేదు. పెట్టె సొంతమైన తరువాత అతను ఈల వేయడం నేను వినలేదు.

మొన్న ఆదివారం ఇద్దరే మేడెక్కారు. చిన్నమామ మెషీన్ తీసి జేబులో వేసుకుని, ఎప్పటిలాగే రికార్డు ప్లేయర్‌కు వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నారు. మా ఆయన ఒక రికార్డు పెట్టి ఆయనకు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. పాట గట్టిగానే మోగుతోంది. నేను టీ తీసుకెళ్ళి అక్కడే ఉండిపోయాను. మా ఆయన చేతులు కట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. పాట సగానికి వచ్చి ఉంటుంది.

“పెట్టినావా?” అని అడిగారు చిన్నమామ.

మా ఆయన ఉలిక్కిపడి తలూపాడు. వాయించినట్టుగా గాలిలో చేతులు కదిపాడు, తొడ మీద తాళం వేయబోయాడు. ఏడు దెబ్బల లెక్క అతని చేతికి రాలేదు. రెండుసార్లు తప్పి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ తప్పాడు. అంత పెద్ద మనిషి పరీక్షలో చిక్కుకున్న పిల్లాడిలా నా వైపు చూశాడు. నేనేం సాయం చేయగలను?

చిన్నమామ ముందుకు వంగి ఆ చేతిని పట్టుకుని ఆపారు.

“చాలప్పా. చెవులు పోయినాక నేను పాటను మీ మొగాల్లోనే వింటా ఉంటి. కిరణ తల ఊపితే నువ్వు మొగం ముడుస్తావు. నువ్వు నవ్వితే అది కొట్లాటకు సిద్ధమైతాది. దాన్నిబట్టి పాట యాడికొచ్చిందో నాకు తెలుస్తా ఉండె. ఇప్పుడు నీ మొగం ఒకటే ఉండాది. అందులో నాకేమీ వినపడలే.”

మా ఆయన లేచి వెళ్ళి రికార్డు మీది ముల్లు ఎత్తేశాడు. అంత చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయేసరికి నా చెవులు గుయ్‌మన్నాయి. అతను గోడకేసి తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి. చిన్నమామ కుర్చీలో అలాగే, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చున్నారు.

కాసేపయ్యాక నన్ను అడిగారు, “ఆపినాడా?”