ఎర్ర జోకరు బాకీ

ఆ ముక్క బావోలిన్ తీశాడా, తీయలేదా?

యున్‌షియా ఈ ప్రశ్నను కడుపులో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరుగుతోంది. రోజూ పొద్దున కరుణామయి గ్వాన్‌యిన్ తల్లి బొమ్మ ముందు అగరొత్తి వెలిగించి అడిగేది, "నా మొగుడు దొంగా తల్లీ?" తల్లి చిరునవ్వు అలాగే ఉండేది. పింగాణీ బొమ్మ ఏం చెబుతుందిలే అని ఒక్కోసారి అనిపించేది. అలా అనిపించినందుకు ఇంకో అగరొత్తి వెలిగించేది.

హ్వాయాన్ ఊళ్లో కాలువ గట్టు మీద వయసు మళ్లినవాళ్లు పేకాడుకునే హాలుకు పేక యంత్రం కొత్తగా వచ్చిన రోజుల మాట అది. చూడ్డానికి మామూలు చదరపు బల్లే. రెండు కట్టల ముక్కల్ని దాని నోట్లో పోస్తే లెక్కపెట్టి, కలిపి, నాలుగు వైపులా నలుగురికీ పంచి పైకి ఎత్తి ఇచ్చేది. నడుమ చిన్న అద్దం మీద నూట ఎనిమిది అని పచ్చటి అంకె వెలిగితే లెక్క సరిపోయినట్టు. ఇక కలిపేవాడి చెయ్యి మంచిదా కాదా అన్న గొడవే లేదని అందరూ మురిసిపోయారు.

నలుగురు ఇద్దరిద్దరు జతగా ఆడే గ్వాన్‌దాన్ పేకాటలో ఒక ఆనవాయితీ ఉంది. ఒక ఆటలో చిట్టచివర మిగిలినవాడు, తరువాతి ఆట మొదలవగానే తన చేతిలోని అన్నిటికన్నా పెద్ద ముక్కను, ముందు గెలిచినవాడికి కప్పం కట్టాలి. గెలిచినవాడు బదులుగా ఏదో ఒక చిన్న ముక్క తిరిగి ఇస్తాడు. ఆ రోజు బావోలిన్ ఎర్ర జోకరు కొట్టి అందరికన్నా ముందు గెలిచాడు. ఎన్నడూ ఓడని గే శౌచాంగ్ చివరికి మిగిలాడు. హాలంతా బల్ల చుట్టూ మూగింది.

"శౌచాంగ్, కప్పం సిద్ధం చేసుకో నాయనా! రెండు చేతులతో ఇవ్వాలి సుమా!" అన్నాడు బావోలిన్. అందరూ పగలబడి నవ్వారు.

ముక్కలు యంత్రంలో పోశారు. అద్దం మీద ఎర్రటి అంకె వెలిగింది. నూట ఏడు. "ఒక ముక్క తక్కువ," అంది యంత్రం ఆడగొంతుతో. అన్నీ బయటికి తీసి పరిచి చూస్తే ఉండవలసిన రెండు ఎర్ర జోకర్లలో ఒకటి లేదు.

"యంత్రం అబద్ధం చెప్పదు. చెబితే మనుషులే చెప్పాలి," అన్నాడు గే. "ఎర్ర జోకరు చివరగా ఆడింది నువ్వే కదన్నా? జేబులు తిప్పు."

బావోలిన్ అందరి ముందూ నిలబడి జేబులు తిప్పాడు. తాళంచెవి, మాత్రల అట్ట, గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు రాలాయి. ముక్క లేదు.

"దొరకనంత మాత్రాన తీయలేదనా?" అన్నాడు గే.

ఆ ఒక్క మాట ఊరు పట్టుకుంది. బావోలిన్ మళ్లీ హాలు గడప తొక్కలేదు. ముక్క తగ్గిన ఆ పచ్చ కట్టలు పారేసి, వీపు నీలం రంగున్న కట్టలు కొన్నారు. ఆ తరువాతి చలికాలం ఆయన పోయాడు.

ఊరు అన్నదాన్ని యున్‌షియా ఎప్పుడో దులిపేసుకునేదే. కానీ ఆయన జేబులు తిప్పిన రోజు సాయంత్రం ఆ కోటు ఉతకబోతూ, ముందుగా దాని లోగుడ్డను వేళ్లతో అంగుళం అంగుళం నొక్కి చూసింది. తలెత్తేసరికి ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. తన వేళ్ల చేత ఆ పని చేయించిన గే శౌచాంగ్‌ను మాత్రం ఆమె క్షమించలేకపోయింది.

ఆయన పోయాక ఆట నేర్చుకుంది. ముచ్చటపడి కాదు, గే పక్కన కూర్చోవడానికి.

ఇన్నాళ్లూ కాచుకున్న పని ఇవాళ చేసింది. పొద్దున అగరొత్తి వెలిగించలేదు. ఏ మొహంతో వెలిగిస్తుంది? గే కోటు విప్పి కుర్చీ వీపుకు తగిలించాడు. ఆట ముగిశాక నలుగురూ ముక్కలు పోగుచేసి యంత్రంలోకి తోస్తుంటే, యున్‌షియా కళావరు మూడును ఆ కోటు జేబులోకి జార్చింది. ఎవరూ చూడలేదు.

ఎర్రటి అంకె వెలిగింది. నూట ఏడు.

"అయ్యయ్యో, మళ్లీనా!" అని హాలు చూసుకునే బూ అక్క బల్ల కిందికి వంగి వెతికింది. కింద గింజల పొట్టు తప్ప ఏమీ లేదు.

గే జతగాడు జువాంగ్ కిసుక్కున నవ్వాడు. "ఇంకేముంది, జేబులు తిప్పండి! మన హాలు ఆచారం అదేగా?"

"అవును," అంది యున్‌షియా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "జేబులే తిప్పుదాం. యంత్రం అబద్ధం చెప్పదు కదా, శౌచాంగ్?"

గే తల వంచుకున్నాడు. "వదినా, ముందు యంత్రం విప్పి చూద్దాం."

"ఆ రోజు ఎందుకు విప్పలేదో?"

"ఆ రోజు అది కొత్తది."

"అంతేనా?"

గే హాలంతా ఒకసారి కలియజూశాడు. "చివర మిగిలాను వదినా. అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. ఆ నవ్వు ఎలాగైనా అన్న మీదికి మళ్లాలనిపించింది."

బూ అక్క స్క్రూడ్రైవరు తెచ్చి పక్క పలక విప్పింది. దుమ్ము, గింజల పొట్టు, ఎవరిదో తలపిన్ను రాలాయి. ముక్కల్ని లాగే రబ్బరు చక్రం వెనక ఏదో చుట్టచుట్టుకుని ఇరుక్కుని ఉంది. ఆమె వేలుపెట్టి లాగింది. దాని వీపు పచ్చగా ఉంది. తిప్పింది. ఎర్ర జోకరు!

జువాంగ్ పళ్ల మధ్య గింజ పగలకుండా అలాగే ఉండిపోయింది.

యున్‌షియాకు ముందు సంతోషం రాలేదు. కోటు లోగుడ్డ నొక్కిన వేళ్లు చల్లబడ్డాయి. ఆ తరువాత కోపం రెండింతలై పొంగింది.

"ఇది పాతది కదా," అంది బూ అక్క. "మరి ఇవాళ్టి ముక్కేదీ?"

ఒక్క మాట చాలు. జేబులు తిప్పండి అంటే చాలు. గే శౌచాంగ్ చచ్చేదాకా ఈ ఊళ్లో దొంగే. దొరికినవాడికి బుకాయించడానికి కూడా దారి ఉండదు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

గే మాత్రం బూ అక్క మాట వినిపించుకోలేదు. జోకరును బల్ల అంచు మీద పెట్టి బొటనవేలితో మెల్లగా సాపు చేస్తున్నాడు. తరువాత లేచి, బల్ల చుట్టూ నడిచివచ్చి, రెండు చేతులతో దాన్ని ఆమె ముందు చాచాడు.

"అన్నకు నేను కట్టాల్సిన కప్పం. ఇది ఆ రోజు నా చేతికి వచ్చేదో, రాదో. ఏదైనా సరే, బాకీ నాదే." హాలు వైపు తిరిగాడు. "దొంగ అన్నవాణ్ణి నేనే. కాదంటున్నదీ నేనే. అందరూ వినండి!"

యున్‌షియా ముక్క అందుకుంది. చాలాసేపు దాని వంకే చూసింది.

"కప్పం పుచ్చుకున్నాక చిన్న ముక్క తిరిగి ఇవ్వాలిగా," అంది. "నీ కోటు జేబులో ఉంది. తీసుకో."

గే అయోమయంగా జేబులో చెయ్యి పెట్టాడు. కళావరు మూడు బయటికి వచ్చింది. అదేమిటో అర్థమయ్యేసరికి అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"వదినా! ఎంత పని చేశావు!" అన్నాడు జువాంగ్.

ఆమె అతని వైపు చూడలేదు. "ఆయన ఎలా నిలబడ్డాడో ఇప్పుడు తెలిసిందా, శౌచాంగ్?"

"తెలిసింది వదినా."

"అది తెలియాలనే."

అది క్షమో, పగో ఆమెకే తెలియలేదు. రేపు పొద్దున తల్లినే అడగాలి అనుకుంది.

గే కళావరు మూడును యంత్రంలో వేశాడు. పచ్చటి అంకె వెలిగింది. యున్‌షియా ఆ ఆటకు కూర్చోలేదు.

ఇంటికి వెళ్లి పెట్టె తెరిచి బావోలిన్ కోటు పైకి తీసింది. ఎర్ర జోకరును దాని లోపలి జేబులో పెట్టి, ఆ లోగుడ్డ మీదే అరచెయ్యి ఆనించింది.

"కప్పం ఇచ్చాడు," అంది. "రెండు చేతులతోనే ఇచ్చాడు."